రక్తపు చుక్కలో రేడియేషన్ లెక్క: ఈ చదువుకు ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జెనెటిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. రేడియేషన్ ప్రమాదం జరిగితే రక్తపరీక్ష చేసి ఎవరికి ఎంత డోసు తగిలిందో చెప్పే బయోడోసిమెట్రీలోకి వెళ్తానంటోంది. ఎప్పుడో జరిగే ప్రమాదాన్ని నమ్ముకుని ఉద్యోగం ఏమిటని నా టెన్షన్. పైగా రేడియేషన్‌తో పని. ఆ లెక్కింపు కూడా రేపో మాపో కంప్యూటర్లే చేసేస్తాయంటున్నారు. ఆమెకు ఏం చెప్పమంటారు?

జవాబు: మీ మూడు భయాల్లో రెండోది ముందు చూద్దాం, అది తేలిగ్గా తీరుతుంది. బయటి నుంచి గామా కిరణాలు తగిలినంత మాత్రాన మనిషి రక్తం రేడియోధార్మికం కాదు. ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ల పక్కన మనం కూర్చోవడం లేదా? రేడియోధార్మిక పదార్థం మింగినా, పీల్చినా, గాయంలోంచి లోపలికి వెళ్లినా సంగతి వేరు. అలాంటివాళ్ల నమూనాలను మీటరుతో చూసి, విడిగా పెట్టి పనిచేస్తారు. ల్యాబ్‌లో రోజూ జాగ్రత్త పడాల్సింది రక్తంతో వచ్చే ఇన్ఫెక్షన్ల గురించి, కణవిభజనను ఆపే కాల్సెమిడ్ లాంటి రసాయనాల గురించి. ఏ డయాగ్నస్టిక్ ల్యాబ్‌లోనైనా ఈమాత్రం జాగ్రత్త తప్పదు.

ఉద్యోగం గురించిన భయం మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఆ పని ఏమిటో కాస్త వివరంగా చూడాలి.

1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియాలో, వదిలేసిన ఒక రేడియోథెరపీ క్లినిక్ నుంచి సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న యంత్రభాగాన్ని కొందరు పట్టుకెళ్లి విప్పారు. అది పాత ఇనుము కొనేవాళ్ల చేతికి, అక్కణ్నుంచి ఇళ్లలోకి చేరింది. విషయం బయటపడ్డాక సుమారు 1,12,000 మందిని పరీక్షించాల్సి వచ్చింది. వాళ్లలో ఆ పదార్థం అంటుకున్నట్టు తేలింది 249 మందికి. చనిపోయింది నలుగురు. మిగతా లక్ష మందికి పైగా జనం భయంతో వరుసలో నిలబడ్డవాళ్లే. అందుకే ఈ పనిలో సగం, నిజంగా వైద్యం కావాల్సినవాళ్లను పట్టుకోవడమైతే, మిగతా సగం 'మీకేం కాలేదు, ఇంటికెళ్లండి' అని ఆధారంతో చెప్పగలగడం. నా లెక్కలో రెండోది ఏమాత్రం చిన్న పని కాదు.

మామూలు జనం ఛాతీకి డోసు కొలిచే బ్యాడ్జీ ఉండదు. ఎక్కువ డోసు తగిలితే తొందరగా వాంతులవుతాయి, కానీ భయంతోనూ అవుతాయి. రక్తంలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎంత వేగంగా పడిపోతున్నాయో రోజుకు రెండు మూడుసార్లు చూడటం అంతకంటే నమ్మకమైన గుర్తు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం క్రోమోజోములది. రేడియేషన్ వల్ల రెండు క్రోమోజోములు విరిగి ఒకదానికొకటి తప్పుగా అతుక్కుంటే, ఒకే సెంట్రోమియర్ (క్రోమోజోము నడుములాంటి సన్నటి చోటు) ఉండాల్సిన చోట రెండున్న వింత క్రోమోజోము తయారవుతుంది. దాన్నే డైసెంట్రిక్ అంటారు. మామూలు మనుషుల్లో వెయ్యి కణాలకు ఒకటి కనిపించడం గొప్ప. 1 గ్రే (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) గామా డోసు తగిలితే సుమారు పన్నెండు కణాలకు ఒకటి, 2 గ్రేలకైతే నాలుగు కణాలకు ఒకటి దాకా కనిపిస్తుంది. డోసు రెట్టింపైతే ఇవి సుమారు మూడు రెట్లవుతాయన్నమాట. ఎంత డోసుకు ఎన్ని డైసెంట్రిక్‌లో చూపే ఈ వంపు రేఖను ప్రతి ల్యాబూ తన చేతులతో, తన పద్ధతిలో గీసుకోవాలి. పక్క ల్యాబ్ నుంచి అరువు తెచ్చుకుంటే లెక్క తప్పొచ్చు.

పూర్తి లెక్కకు ఒక్కో మనిషివి 500 నుంచి 1,000 కణాలు చూడాలి. జనం బారులు తీరినప్పుడు అది కుదరదు. అందుకని ట్రయాజ్‌లో, అంటే ఎవరికి ముందు వైద్యం కావాలో త్వరగా వేరుచేసేటప్పుడు, 50 కణాలు చూస్తారు, లేదా 30 డైసెంట్రిక్‌లు దొరికితే ఆపేస్తారు. డోసు కచ్చితంగా తేలకపోయినా, 2 గ్రేలు దాటిందా లేదా అన్నది తెలిస్తే డాక్టరుకు ఆ పూటకు చాలు. ఎముక మజ్జను కాపాడే మందులు ఎవరికివ్వాలన్నది ఆ డోసు దగ్గరే తేలుతుంది. చిక్కేమిటంటే లింఫోసైట్లను రెండు రోజులు పెంచితే గానీ క్రోమోజోములు కనిపించవు, డాక్టరేమో అన్నాళ్లు ఆగలేడు. అందుకే మొదటి నిర్ణయం వాంతులు, లింఫోసైట్ల లెక్క చూసి జరుగుతుంది. క్రోమోజోముల ఫలితం వచ్చి దాన్ని సరిదిద్దుతుంది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. 'బయోడోసిమెట్రిస్ట్ కావలెను' అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే మీ అమ్మాయికి చాలా ఏళ్లు గడిచిపోతాయి. ప్రత్యేకంగా ఆ పనే చేసే ల్యాబులు చాలా తక్కువ, అవీ ఎక్కువగా ప్రభుత్వ అణు, రక్షణ, ప్రజారోగ్య సంస్థల్లోనే ఉంటాయి. కానీ ఆ పనికి కావాల్సిన చేతి నైపుణ్యం, అంటే రక్తకణాలు పెంచడం, స్లైడు మీద పరచడం, క్రోమోజోములు గుర్తుపట్టడం, ఆస్పత్రుల్లో క్రోమోజోములను పరీక్షించే సైటోజెనెటిక్స్ ల్యాబుల్లో రోజూ నడిచేదే. బ్లడ్ క్యాన్సర్లకు, సంతానలేమికి, గర్భంలోని శిశువుకు చేసే క్యారియోటైపింగ్ (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే) పరీక్షలన్నీ ఈ నైపుణ్యంతోనే సాగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ బయోడోస్‌నెట్, యూరప్‌లోని రెనెబ్ లాంటి ల్యాబుల నెట్‌వర్కులు పుట్టిందే ఏ ఒక్క ల్యాబూ వేలమంది నమూనాలను మోయలేదు కాబట్టి. ఎంత డోసు ఇచ్చారో చెప్పకుండా రక్తనమూనాలు పంపి, ఎవరి లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూసే పోటీలాంటి కసరత్తులు కూడా జరుగుతుంటాయి. కాబట్టి జీతం తెచ్చేది సైటోజెనెటిక్స్ అనుకోండి, బయోడోసిమెట్రీ దాని మీద నిలబడే ప్రత్యేకత. ఎమ్మెస్సీ సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరుకంటే ఆ విభాగంలో నడిచే సైటోజెనెటిక్స్ ల్యాబ్ ఉందో లేదో ముందు కనుక్కోమనండి.

కంప్యూటర్ల విషయంలో మీరు విన్నది సగం నిజం. స్లైడు మీద పనికొచ్చే కణాలను వెతికే యంత్రాలు చాలాకాలంగా ఉన్నాయి. డైసెంట్రిక్‌లను సాఫ్ట్‌వేర్ గుర్తించి చూపిస్తుంది, అవి నిజమైనవా కావా అని మనిషి తేలుస్తాడు. ఎఫ్‌డీఎక్స్‌ఆర్ లాంటి జన్యువుల చురుకుదనం కొలిచి కొన్ని గంటల్లోనే అంచనా ఇచ్చే పరీక్షల మీద పరిశోధన సాగుతోంది. మనిషి కూర్చుని లెక్కపెట్టే పని తగ్గుతుంది, నిజమే. ఆ లెక్కకు అర్థం చెప్పేవాళ్ల అవసరం మాత్రం తగ్గదు. ఉదాహరణకు, డైసెంట్రిక్‌లు కణాలన్నిటా చెదిరి ఉండకుండా కొన్ని కణాల్లోనే గుంపుగా ఉంటే, ఒంట్లో కొంత భాగానికే రేడియేషన్ తగిలిందని అనుమానించాలి. దాన్ని పట్టుకోవడానికి పాయిసాన్ పంపిణీ (అరుదైన ఘటనలు యాదృచ్ఛికంగా ఎలా చెదిరి ఉంటాయో చెప్పే స్టాటిస్టిక్స్ సూత్రం) తెలియాలి. జెనెటిక్స్ పిల్లలు స్టాటిస్టిక్స్ అనగానే మొహం తిప్పుకుంటారని నా అనుభవం. మీ అమ్మాయి స్టాటిస్టిక్స్, కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే తోటివాళ్లకంటే చాలా ముందుంటుంది.

ఏ నిర్ణయమూ తీసుకోకముందు ఈ సెలవుల్లో ఏదైనా సైటోజెనెటిక్స్ ల్యాబ్‌లో రెండు వారాలు ఉండనివ్వండి, జీతం లేకపోయినా ఫర్వాలేదు. మొదటి స్లైడ్లు ఎవరికైనా పాడవుతాయి, క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి చూడటానికి పనికిరావు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి విసుక్కుంటుందో, లేక తప్పు ఎక్కడ జరిగిందా అని ఆలోచిస్తూ కూర్చుంటుందో మీరే చూడండి.