కడుపులో ఎలుకలు, మంగళగిరి పానకం, మా ఇంటి లస్కరు

చిన్నపిల్లలున్న ఇంట్లో మీకు బాగా నవ్వు తెప్పించిన సంగతులేంటని అడిగారు. మాకు ఇద్దరు. పాపకి ఆరేళ్లు, బాబుకి మొన్ననే నాలుగు నిండాయి. మేముండేది విజయవాడ మధురానగర్‌లో, అత్తయ్య గారు, మావయ్య గారితో కలిసి. చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది గానీ, గుర్తుండిపోయినవన్నీ ఒక్కలాంటివే: మనం మాటవరసకి ఏదో అనేస్తాం, వాళ్లు అక్షరాలా నమ్మేస్తారు.

పోయిన వేసవిలో ఓరోజు మా వారు ఎండనపడి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే "త్వరగా వడ్డించు, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి" అన్నారు. నేను వంటింట్లో ముద్దపప్పు, దోసావకాయ సర్దుతున్నా. ఎంతకీ హాల్లో చప్పుడు లేదు. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేదంటే వెళ్లి చూడాల్సిందే. వెళ్తే, మా వాడు వాళ్ల నాన్న చొక్కా పైకెత్తి పొట్టకి చెవి ఆనించి వింటున్నాడు, ఊపిరి బిగబట్టి మరీ. ఆకలి మీదున్న పొట్ట కదా, లోపల గుర్రుమంది. అంతే, కళ్లు ఇంతింత చేసుకుని, రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టి, బొడ్డులోకి "మ్యావ్!" అని అరిచాడు. మూడుసార్లు. మళ్లీ చెవి పెట్టి విన్నాడు.

నేను ఆపుకోలేక పగలబడి నవ్వాను. వాడి మొహం చిన్నబోయింది, కింది పెదవి వణికింది. వాడు ఆడుకోవట్లేదు, వాళ్ల నాన్నని కాపాడుతున్నాడు. ఆ సంగతి ముందు మా వారికే అర్థమైంది. "పారిపోయాయిరా నాన్నా, ఒక్కటి కూడా లేదు" అని దగ్గరికి తీసుకున్నారు. అప్పట్నుంచి నవ్వొస్తే పక్క గదిలోకి వెళ్లి నవ్వుకుంటాను. మీరూ అలాగే చెయ్యండి. ఎదురుగా నవ్వితే ఇంకోసారి మనకి చెప్పడానికి వెనకాడతారు. ఆ రాత్రి నిద్రపోయే ముందు "ఎలుకలు మళ్లీ వస్తే నన్ను లేపు నాన్నా" అన్నాడు.

పాపది మంగళగిరి కథ. కొండమీద పానకాల స్వామికి బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం పట్టిస్తారు కదా. పూజారి గారు శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటకలేసిన చప్పుడవుతుంది. సగమయ్యేసరికి ఆ చప్పుడు ఆగిపోతుంది, మిగతాది మనకి ప్రసాదం. దారిలోనే ఇదంతా దానికి చెప్పి తీసుకెళ్లాను. తీరా దర్శనమయ్యాక, ప్రసాదం చేతిలో పట్టుకుని "అమ్మా, సగమే తాగితే స్వామిని ఎవరూ తిట్టరా?" అంది గట్టిగా. పాలు సగం వదిలేస్తే ఇంట్లో నేను ఊరుకోను మరి. వెనకున్న ఓ పెద్దావిడ "నువ్వు వదిలిందీ మీ అమ్మకి ప్రసాదమేలేమ్మా" అన్నారు.

ఇంకేముంది, మర్నాటి నుంచి సగం తాగడం, గ్లాసు నా చేతికిచ్చి "ప్రసాదం" అనడం! వారం చూసి, దానికి సగం పట్టే చిన్న స్టీలు గ్లాసు తెచ్చాను. ఇప్పుడు చుక్క మిగల్చట్లేదు.

స్టేషన్లో విన్నదగ్గర్నుంచీ ఇద్దరూ మైకు గొంతు పట్టేశారు. నానమ్మ టిఫిను చేస్తుంటే "దయచేసి వినండి, ఇడ్లీ మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును" అని ఇల్లంతా తిరుగుతారు. మా అత్తయ్య గారికి అదంటే ఎంత మురిపెమో. ఆ పిలుపు వినపడందే మూత తియ్యరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ప్రకాశం బ్యారేజీది. నిరుడు వానాకాలంలో గేట్లు ఎత్తారని అందరం చూడటానికి వెళ్లాం. 70 గేట్లున్న బ్యారేజీ, నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతున్నాయి. జనమంతా ఫొటోలు. మా వాడొక్కడే మావయ్య గారి వేలు పట్టుకుని బిక్కమొహం వేశాడు. "తాతయ్యా, ఇన్ని కుళాయిలు ఎవరు వదిలేశారు? కట్టెయ్యమని చెప్పు."

మావయ్య గారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నవ్వలేదు. పిట్టగోడ పక్కన వాడిని ఎత్తుకుని, పైన పులిచింతల నుంచి నీళ్లెక్కువొస్తే ఎత్తుతారనీ, తగ్గగానే దించుతారనీ, అందుకు లస్కర్లని మనుషులుంటారనీ, ఈ నీళ్లు హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయనీ ఓపిగ్గా చెప్పారు. వాడంతా విని, "లస్కరు నిద్రపోతేనో?" అన్నాడు.

"ఒకళ్లు పడుకుంటే ఇంకొకళ్లు మేలుకుంటార్రా" అన్నారాయన.

ఆ రోజు నుంచి మా ఇంటికి వాడే లస్కరు. ఎవరు కుళాయి వదిలేసినా "లస్కరూ!" అంటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. పీట వేసుకుని ఎక్కి, రెండు చేతులతో బిగించి, "గేటు దించేశా తాతయ్యా" అని హాల్లోకి కేకేస్తాడు.