హెడ్డింగులు సర్దుకుంటూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం, మాస్ కమ్యూనికేషన్. కాలేజీలో నెలకోసారి పిల్లలే నాలుగు పేజీల పత్రిక తెస్తారు. దానికి హెడ్డింగులు సర్దుతూ, పేజీలు పెడుతూ రాత్రి రెండింటి దాకా మేలుకుంటోంది. మా బంధువులబ్బాయి ఆరు నెలల యూఎక్స్ (యాప్‌ల డిజైన్) కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. డిగ్రీ మాన్పించి ఈమెనూ అందులో చేర్పిద్దామా? ఫీజు లక్షన్నర. పత్రిక పీడీఎఫ్‌లు పంపుతున్నాను. రెండు దారులూ పోల్చి చెప్పండి.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ పీడీఎఫ్‌లు మీరు పంపారే గానీ తెరిచి చదివినట్టు లేరు. నేను చదివాను. మొదటి సంచిక మూడో పేజీలో రెండు వార్తలు పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాలతో ఉన్నాయి. ఎడమవైపు ‘మెస్ ఛార్జీల పెంపు’. కుడివైపు ‘విద్యార్థినుల హర్షం’. రెండోది వాలీబాల్ కప్పు గెలిచిన వార్త. కలిపి చదివితే ఛార్జీలు పెరిగినందుకు పిల్లలు సంబరపడుతున్నట్టుంది. రెండో సంచికకు వచ్చేసరికి మీ అమ్మాయి అలాంటి రెండు వార్తల మధ్యకు ఒక ఫొటో తెచ్చింది. ఒక హెడ్డింగును చిన్నది చేసి రెండు లైన్లలో పెట్టింది. పత్రికాఫీసు డెస్కులో కొత్త సబ్ ఎడిటర్‌కు మొదట్లో నేర్పే పాఠాల్లో ఇదొకటి.

ఇంకోటి చూడండి. ఇంగ్లిష్ హెడ్డింగుకు క్యాపిటల్ లెటర్స్ ఉన్నాయి. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. ఏ వార్త ముఖ్యమో సైజుతో, అక్షరం మందంతో, చుట్టూ వదిలే ఖాళీతోనే చెప్పాలి. పైగా మనకు కింద వత్తులు, పైన గుడులు. ‘రాష్ట్రస్థాయి కబడ్డీకి’ అని పై లైను, ‘మన కాలేజీ నుంచి ముగ్గురు’ అని కింది లైను. మధ్య దూరం తగ్గిస్తే ‘ష్ట్ర’ కింద వేలాడే వత్తులు కింది అక్షరాల తలకట్ల మీద పడతాయి. ఎక్కువ వదిలితే రెండు లైన్లూ రెండు వేరే వార్తల్లా విడిపోతాయి. ఆ కొలత ఆమెకు చిక్కింది. మొదటి సంచికలో శుభలేఖలోలా అన్నీ మధ్యకు పెట్టిన హెడ్డింగుల్ని రెండో దాంట్లో ఎడమ అంచుకు జరిపింది. ప్రతి లైనూ ఒకేచోట మొదలైతే కంటికి వెతుకులాట ఉండదు.

మీ భయం నాకు అర్థమైంది. బంధువులబ్బాయికి జీతం మొదలైంది, మన పిల్ల వెనకబడిపోతుందేమోనని. ఇదే ప్రశ్న ఒకప్పుడు యానిమేషన్ పేరుతో వచ్చేది, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు యూఎక్స్. మీ అమ్మాయి వెనకబడలేదు. తన తప్పు తానే చూసి, నెల తిరక్కుండా దిద్దుకునే పిల్ల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

యూఎక్స్ పని మంచిదే. యాప్ వాడేవాళ్లు తికమకపడకుండా తీర్చిదిద్దే పని అది. నా అనుమానమంతా ఆరు నెలల కోర్సుల మీద. అవి చేసి నా దగ్గరకొచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే తాము చేసిన పనుల నమూనాలు, తెరిస్తే అదే ఫుడ్ డెలివరీ యాప్, అవే గుండ్రటి బటన్లు. ‘ఈ బటన్ ఇక్కడెందుకు పెట్టావు?’ అంటే ‘టెంప్లేట్‌లో అలాగే ఉంది సార్’ అంటారు. ఆ కోర్సుల్లో నేర్పే ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు. స్క్రీన్లు గీసే పని ఏఐ టూల్స్ నిమిషాల్లో చేసేస్తున్నాయి. ఏది ముందు కనపడాలి, ఏది తగ్గాలి అని తేల్చే చూపు మాత్రం లక్షన్నరకు దొరకదు. ఆ కోర్సులు చేసి రాణించినవాళ్లూ నాకు తెలుసు. వాళ్లలో ఆ చూపు కోర్సుకు ముందే ఉంది. ‘జాబ్ గ్యారంటీ’ అని ఎవరైనా అంటే, ఆ కాగితం మీద షరతులు చదవకుండా సంతకం పెట్టకండి.

పత్రికల్లో మొదట్లో జీతాలు తక్కువే. 2020లో కరోనా వచ్చాక పేజీలు, ఎడిషన్లు తగ్గాయి. అది దాచను. కానీ ఆమె నేర్చుకుంటున్నది కాగితానికే పరిమితం కాదు. చాలా యాప్‌లు తెలుగులోకి మార్చి చూడండి, బటన్ మీద మాట సగంలో తెగి చుక్కలు పడతాయి, వత్తులు కత్తిరించుకుపోతాయి. మీ అమ్మాయి కబడ్డీ హెడ్డింగులో దాటిన చిక్కే అది.

డిగ్రీ మాన్పించే మాట మాత్రం ఇంకెప్పుడూ అనకండి. ఆ మాట ఆమె చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించారా? 1954 నుంచీ జర్నలిజం చెబుతున్న ఉస్మానియాలో పీజీ చేయాలన్నా డిగ్రీ లేనిదే గడప ఎక్కలేరు. పోల్చమన్నారు కదా, నేను చూసే తేడా ఇదే: కోర్సు ఏడాదిన్నర ఆగినా దొరుకుతుంది, మధ్యలో వదిలేసిన డిగ్రీని మళ్లీ అందుకోవడం కష్టం.

ప్రతి సంచికలో ఏ పేజీ ఎందుకు మార్చిందో పక్కన రెండు ముక్కలు రాసి దాచుకోమనండి, అదే ఆమె పోర్ట్‌ఫోలియో. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు అను ఫాంట్లూ యూనికోడూ రెండూ రావాలి. డీటీపీ పనుల్లో అను ఇంకా నడుస్తోంది, ఆన్‌లైన్‌కు యూనికోడ్ కావాలి. రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. సెలవుల్లో ఏదైనా పత్రిక డెస్కులో ఇంటర్న్‌షిప్ అడగమనండి. రెండింటి దాకా మేలుకోవడం పేజీలు ముగించే రోజు వరకే, మిగతా రోజుల్లో పదకొండుకు పడుకోవాలి. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి.

ఆదివారం ఆమెకు ఫోన్ చేసినప్పుడు పెళ్లిళ్లూ జీతాలూ పక్కనపెట్టి, ‘రెండో సంచికలో ఆ ఫొటో మధ్యలో ఎందుకు పెట్టావమ్మా?’ అని అడగండి. ఏం చెప్పిందో నాకూ రాయండి.