ఏజెంటును మారిస్తే రెండు కమీషన్లు కట్టాలా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. మా ఇంటిని 3,35,000 పౌండ్లకు అమ్మకానికి పెట్టి నాలుగున్నర నెలలైంది. ఏజెంటుతో 16 వారాల సోల్ ఏజెన్సీ (ఆ కాలంలో అమ్మిపెట్టే ఏజెంటు అతడొక్కడే) ఒప్పందం ఉంది. కమీషన్ 1.5 శాతం, దానిపై వ్యాట్. ఇప్పటికి పదకొండు కుటుంబాలు ఇల్లు చూసి వెళ్లాయి, ఒక్కరూ ఆఫర్ ఇవ్వలేదు. మరో ఏజెంటు 1.25 శాతానికే, అదీ 3,45,000కు అమ్మిపెడతానంటున్నాడు. మారతామని చెబితే, మేము చూపించినవాళ్లలో ఎవరు కొన్నా మా కమీషన్ మాకు ఇవ్వాల్సిందేనని పాత ఏజెంటు అంటున్నాడు. మావారి సహోద్యోగి ఒకరు కూడా ఇల్లు అడుగుతున్నారు. మాకు రెండు కమీషన్లు పడతాయా?

జవాబు: పడే అవకాశం ఉంది. తప్పించుకునే వీలూ ఉంది. మీ ప్రశ్నలో ఒక మాట కోసం వెతికాను, దొరకలేదు: నోటీసు. పదహారు వారాలు గడిచాయి కాబట్టి ఒప్పందం దానంతట అదే ముగిసిందని మీరు అనుకుంటున్నట్టున్నారు. చాలా ఒప్పందాలు అలా ముగియవు. గడువు దాటాక కూడా, మీరు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఆ నోటీసు కాలం (తరచుగా రెండు వారాలు) పూర్తయ్యేదాకా నడుస్తూనే ఉంటాయి. మీరు సంతకం చేసిన కాగితం తీసి ముందు ఆ వాక్యం ఎక్కడుందో చూడండి.

ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. సోల్ ఏజెన్సీ అంటే ఏమిటో ఏజెంటు తన ఇష్టం వచ్చినట్టు రాసుకోకూడదు. ఆ పదానికి ఇవ్వాల్సిన వివరణను 1991 నాటి నిబంధనలు ఖరారు చేశాయి. దాని ప్రకారం రెండు సందర్భాల్లో మీరు బాకీ పడతారు. సోల్ ఏజెన్సీ కాలంలో ఆ ఏజెంటు పరిచయం చేసిన మనిషి, లేదా ఆ కాలంలో ఇంటి గురించి అతడు బేరమాడిన మనిషి ఎప్పుడు కొన్నా సరే, అది మొదటిది. అదే కాలంలో వేరే ఏజెంటు తెచ్చిన మనిషి కొన్నా సరే, అది రెండోది. ఈ రెండోదాన్ని ఇంకోసారి చదవండి. నోటీసు ఇవ్వకుండా రేపు కొత్త ఏజెంటుతో సంతకం చేశారనుకుందాం. వచ్చే వారం అతడు మంచి కొనుగోలుదారును తెస్తే, పాత ఏజెంటు వేలు కూడా కదపకుండా బిల్లు పంపగలడు.

ఆ బిల్లు ఎంత? 3,35,000కు అమ్ముడైతే 1.5 శాతం 5,025 పౌండ్లు, 20 శాతం వ్యాట్ 1,005, మొత్తం 6,030. కొత్త ఏజెంటుకు 1.25 శాతం చొప్పున వ్యాట్‌తో కలిపి 5,025. రెండూ కట్టాల్సి వస్తే 11,055. రెండు వారాలు ఓపిక పట్టకపోతే పోయేది ఆరు వేల పౌండ్లన్నమాట. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఇదే.

కాబట్టి నోటీసు ఈరోజే ఇవ్వండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. ఈమెయిల్ పంపండి, అందినట్టు జవాబు తెప్పించుకోండి, ఒప్పందం ఏ తేదీతో ముగుస్తుందో అందులో రాయమనండి. కొత్త ఒప్పందం ఆ మర్నాటి నుంచి మొదలుకావాలి. ఫొటోలకో, ప్రత్యేక ప్రకటనకో, మధ్యలో విరమించుకున్నందుకో పాత ఏజెంటు ఏదైనా రుసుము అడిగితే, అది ఒప్పందంలో ముందే రాసి ఉందా లేదా చూసుకోండి.

ఇప్పుడు పదకొండు కుటుంబాల సంగతి. పాత ఏజెంటు మాట పూర్తిగా బెదిరింపు కాదు, పూర్తిగా నిజమూ కాదు. 2008లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ముందుకు ఇలాంటి వివాదమే వచ్చింది. ఫాక్స్‌టన్స్ అనే ఏజెన్సీ ద్వారా ఇల్లు చూసిన వ్యక్తి అప్పట్లో ఆసక్తి చూపలేదు. తర్వాత మరో ఏజెన్సీ ద్వారా అదే ఇంటి అమ్మకం కుదిరింది. మేమే ముందు చూపించాం కాబట్టి కమీషన్ మాదేనని ఫాక్స్‌టన్స్ వాదించి ఓడిపోయింది. మనిషికి ఇల్లు చూపించడం ఒకటి, ఆ మనిషిని కొనుగోలు దాకా తీసుకురావడం మరొకటి. కమీషన్ రెండోదానికే అని తీర్పు సారాంశం. తలుపు తీసి గదులు చూపించినంత మాత్రాన ఆ కుటుంబం మీద జీవితకాల హక్కు రాదు.

దీనికి గడువు కూడా ఉంది. మీ పాత ఏజెంటు ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్ (ఏజెంట్ల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థ) పథకంలో సభ్యుడైతే ఆ సంస్థ నియమావళి అతడికి వర్తిస్తుంది. అతడు పరిచయం చేసిన మనిషికే వేరే ఏజెంటు అమ్మితే, ఆ అమ్మకపు వివరాల పత్రం (మెమొరాండం ఆఫ్ సేల్ అంటారు) పాత ఒప్పందం ముగిసిన 6 నెలల్లోపు జారీ అయితేనే అతడు కమీషన్ అడగగలడు. మధ్యలో వేరే ఏజెంటు ఎవరూ లేకుండా మీరే అమ్ముకుంటే ఆ గడువు 2 ఏళ్లు. ఒప్పందం ముగిసేటప్పుడు మీ మీద ఇంకా ఏ బాధ్యత మిగిలి ఉందో, ఏ పరిస్థితిలో ఒకటికి మించి కమీషన్లు పడతాయో అతడు మీకు రాతపూర్వకంగా చెప్పాలని కూడా అదే నియమావళి అంటుంది. ఆ నియమాన్ని వాడుకోండి. మీరు పరిచయం చేశామంటున్నవారి పేర్లు, ఇల్లు చూసిన తేదీలు పంపండి అని అడగండి. నోటి లెక్కలో పదకొండు ఏడాది తిరిగేసరికి ఇరవై అవుతుంది. కాగితం మీద పదకొండు పదకొండుగానే ఉంటుంది.

ఆ జాబితా మీ చేతికి వచ్చాక కొత్త ఏజెంటు ముందు పెట్టండి. ఈ పేర్లలో ఎవరైనా కొంటే, పాత ఏజెంటుకు కమీషన్ చెల్లించాల్సి వచ్చినప్పుడు నా కమీషన్ నేను అడగను అనే వాక్యాన్ని సంతకానికి ముందే ఒప్పందంలో చేర్చమనండి. సంతకానికి ముందు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. తర్వాత అడిగితే ఎందుకు ఒప్పుకోవాలి? అదంతా మేము చూసుకుంటాం అని చిరునవ్వుతో అంటే ఆ చిరునవ్వును కాగితం మీద పెట్టమనండి.

సహోద్యోగి విషయం తేలిక, మీది నిజంగా సోల్ ఏజెన్సీయే అయితే. ఏజెంటు ప్రమేయం లేకుండా మీరు స్వయంగా వెతుక్కున్న మనిషికి అమ్మితే సోల్ ఏజెన్సీలో కమీషన్ ఉండదు. కానీ సోల్ సెల్లింగ్ రైట్స్ అని మరో రకం ఒప్పందం ఉంది. అందులో ఆ కాలంలో ఇల్లు ఎవరి ద్వారా అమ్ముడైనా, చివరికి మీరే అమ్ముకున్నా కమీషన్ కట్టాలి. పేర్లు కవలపిల్లల్లా ఉంటాయి, బిల్లులు కావు. మీ కాగితంలో ఏది ఉందో చూడండి, కొత్త కాగితంలో ఏది రాయబోతున్నారో అదీ చూడండి. ఇంకో మెలిక: ఆ సహోద్యోగికి మీ ఇంటి సంగతి ఆఫీసులో మీవారి నోటి నుంచి తెలిసిందా, ఏజెంటు ప్రకటన చూసి అడిగారా? రెండోదైతే వాదనకు చోటుంటుంది.

కొత్త ఏజెంటు గురించి నాకు కొంచెం అనుమానంగా ఉంది. పదకొండు కుటుంబాలు చూసి ఒక్క ఆఫరూ రాలేదంటే మనుషులు వస్తున్నారు, ధర దగ్గర ఆగిపోతున్నారు అని నా అంచనా. అలాంటప్పుడు ఇంకో పది వేలు పెంచి అమ్ముతాననేవాడు ముందు మీ సంతకం కోసం ఆశపడుతున్నాడేమో. మీ వీధిలో ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైందో ల్యాండ్ రిజిస్ట్రీ ఉచితంగా చూపిస్తుంది, ఆ అంకెలు పట్టుకుని అతడిని అడగండి. కమీషన్ తేడా వల్ల మీకు మిగిలేది 1,005 పౌండ్లు. తప్పుడు ధరతో మరో మూడు నెలలు గడిపి, చివరికి అయిదు వేలు తగ్గించి అమ్మితే ఆ ఆదా ఏమవుతుంది? కొత్త ఒప్పందం మీ ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో చేసుకుంటే సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఇంత చేసినా ఇద్దరూ బిల్లు పంపితే, మీ సొలిసిటర్‌కు (అమ్మకపు కాగితాలు చూసే న్యాయవాదికి) వెంటనే చెప్పండి. అమ్మకం పూర్తయ్యాక ఏజెంటు కమీషన్ సాధారణంగా వారి చేతుల మీదుగానే వెళుతుంది కాబట్టి, వివాదంలో ఉన్న బిల్లును మిమ్మల్ని అడగకుండా చెల్లించవద్దని రాసి ఇవ్వండి. ఏజెంటుకు ఫిర్యాదు రాయండి. 8 వారాల్లో తేలకపోతే, లేదా తుది జవాబు నచ్చకపోతే, అతడు ఏ పరిష్కార పథకంలో సభ్యుడో అక్కడికి వెళ్లవచ్చు. ఇళ్లు అమ్మే ప్రతి ఏజెంటూ ఏదో ఒక పథకంలో ఉండి తీరాలి, మీకు ఖర్చేమీ ఉండదు. కమీషన్ వివరాలు ఒప్పందానికి ముందు రాతలో ఇవ్వని ఏజెంటు, 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్స్ చట్టం ప్రకారం కోర్టు అనుమతి లేకుండా డబ్బు వసూలు చేయలేడు. అలాగని కోర్టు నుంచి కాగితం వస్తే మాత్రం పక్కన పడేయకండి.

ఈ ఇంటిని కొన్నేళ్లు అద్దెకిచ్చి ఉంటే ఆ మాట నాకు రాయండి. అప్పుడు మూలధన లాభం మీద (ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద) పన్ను పడవచ్చు. ఆ లెక్క వేసేటప్పుడు ఏజెంటు కమీషన్‌ను అమ్మకపు ఖర్చుగా తీసివేయవచ్చు, కాబట్టి బిల్లులు దాచి ఉంచండి.