అమ్మ సంగతి తర్వాత, ముందు అన్నయ్యతో మాట్లాడండి

డల్లాస్ నుంచి రాసిన సోదరుడికి,

విజయవాడ సింగ్‌నగర్‌లో మీ అమ్మగారు అన్నయ్య కుటుంబంతో ఉంటున్నారు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు మీరు ఫోన్ల మీద ఫోన్లు చేసినా అన్నయ్య ఎత్తలేదు. "అమ్మని నీళ్లలో వదిలేశాడు" అని చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత హాల్లో కెమెరా బిగించారు. వదిన టిఫిన్ ప్లేటు విసురుగా పెట్టి వెళ్లిపోవడం అందులో చూస్తున్నారు. అమ్మని అమెరికా తెచ్చుకోవాలా, హైదరాబాద్‌లో వృద్ధాశ్రమంలో చేర్చాలా అని అడిగారు.

ఎక్కడ ఉండాలో చెప్పాల్సింది ఆవిడ. ఆవిడని అడిగానని మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెడదాం.

ఆ వరద రోజుల్లో టీవీలో మీరు చూసిందేమిటి? ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ, డ్రోన్‌తో పైనుంచి తీసిన ఎర్రనీళ్లు. మీ ఇంట్లోకి వచ్చింది బుడమేరు వాగు గట్లు తెగిన నీళ్లు. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. అన్నయ్య అమ్మని ఎత్తుకుని మేడమీద అద్దెవాళ్ల వాటాలోకి చేర్చాడని, పీకల్లోతు నీళ్లలో ఫ్లైఓవర్ దాకా వెళ్లి పాలప్యాకెట్లు తెచ్చాడని తర్వాత తెలిసిందట. ఉత్తరంలో నాకు కళ్లు చెమర్చింది అక్కడే. మీరేమో ఒక్క వాక్యంలో దాటేశారు! గ్రూపులో మీ మాట అలాగే ఉంది. మీ ఇంట్లో గట్టు తెగింది అక్కడ.

కెమెరా రాత్రి పదింటికి, పిల్లలు పడుకున్నాక చూస్తానన్నారు. అప్పుడు విజయవాడలో పొద్దున్న ఎనిమిదిన్నర, చలికాలంలో అయితే తొమ్మిదిన్నర. స్కూలు ఆటో వచ్చే వేళ. ఏ ఇంట్లోనైనా ఆ గంటలో ఇల్లాలు ప్లేటు నెమ్మదిగా పెట్టగలదా? మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియదు, అప్పటికి మీరు నిద్రలో ఉంటారు. పైగా ఆవిడ తన ఇంట్లో తను పమిట సర్దుకోవాలన్నా మరిది చూస్తున్నాడేమోనని జంకాలి. ఆ పని మీరు ఎలా చేయగలిగారో నాకు అర్థం కావడం లేదు.

నెలనెలా డబ్బు పంపుతున్నానని రెండుసార్లు రాశారు. పంపండి, అది మీ ధర్మం. దాంతో ఆ ఇంటిమీద అజమాయిషీ రాదు. అమ్మని మోసినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కాలి.

ఏ గ్రూపులో నింద వేశారో ఆ గ్రూపులోనే క్షమాపణ రాయండి. విడిగా ఫోన్లో చెబితే సరిపోదు, నింద అందరూ చదివారు. ఆ తర్వాత అన్నయ్యకి ఫోన్ చేయండి. కోప్పడితే పడండి, మధ్యలో మీ కష్టాలు చెప్పుకోవద్దు. కెమెరా మాత్రం ఇవాళే తీయించేయండి.