ప్రశ్న – సమాధానం: డాంగ్ పల్లెలకు సొంతంగా వెళ్ళి రావాలంటే

ప్రశ్న: నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. నేను హైస్కూలులో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. చైనాలో వరిచేలోనే చేపలనూ బాతులనూ పెంచే డాంగ్ తెగవారి గురించి చదివినప్పటి నుంచి ఆ పల్లెలు చూడాలని కోరికగా ఉంది. ట్రావెల్స్ వారిని అడిగితే బీజింగ్, షాంఘై యాత్రలే చెబుతున్నారు తప్ప ఆ పేరు తాము వినలేదంటున్నారు. మాకు చైనా భాష రాదు. మా ఆవిడ శాకాహారి. ఏ గుంపులోనూ చేరకుండా మేమిద్దరమే వెళ్ళి రాగలమా? పది రోజులలో ఎన్ని పల్లెలు చూడవచ్చు?

సమాధానం: మాస్టారూ, నిస్సందేహంగా వెళ్ళి రాగలరు. ఇరవై ఏళ్ళ క్రితమైతే మట్టిరోడ్ల మీద రోజుల తరబడి బస్సులలో కూర్చోవలసి వచ్చేది కాబట్టి ఇంత ధైర్యంగా చెప్పలేకపోయేవాడిని. మీ ఉత్తరంలో నేను మార్చమని కోరేది చివరి ప్రశ్న ఒక్కటే. ఎన్ని పల్లెలు చూడవచ్చు అని కాక, ఏ పల్లెలో ఎన్ని రాత్రులు ఉండవచ్చు అని ఆలోచించండి. పది రోజులలో రాకపోకలకు నాలుగు రోజులు తీసివేస్తే మిగిలే ఆరు రోజులకు రెండు పల్లెలు చాలు, మూడు ఎక్కువ.

డాంగ్ ప్రజలు తమను తాము కామ్ అని పిలుచుకుంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వారి సంఖ్య సుమారు 35 లక్షలు. గ్విజౌ రాష్ట్రపు ఆగ్నేయ భాగం, గ్వాంగ్సీ ఉత్తర భాగం, హునాన్ నైరుతి మూల కలిసే కొండలలో వారి పల్లెలు ఉన్నాయి. వారి భాష చైనా భాషా కుటుంబానికి చెందినది కాదు, థాయ్ భాషకు దూరపు బంధువు. దక్షిణాది మాండలికంలో తొమ్మిది స్వరభేదాలున్నాయని భాషావేత్తలు చెబుతారు. 1958లో రోమన్ అక్షరాలతో ఒక లిపిని రూపొందించే వరకు ఆ భాషకు సొంత రాత లేదు. వంశచరిత్ర, నీతి, ప్రేమ, వ్యవసాయం అన్నీ పాటలోనే ఒక తరం నుంచి మరొక తరానికి చేరాయి. అన్నం ఒంటిని పోషిస్తుంది, పాట మనసును పోషిస్తుంది అనే అర్థం వచ్చే సామెత వారిలో ఉంది. అందుచేత మీరు భాష గురించి పడుతున్న బెంగలో కొంత భాగాన్ని పక్కన పెట్టవచ్చు. ఆ పల్లెల్లోని ముసలమ్మలలో చాలామందికి చైనా భాష కూడా అంతంత మాత్రమే.

ప్రయాణమార్గం ఇలా ఆలోచించండి. 2020లో ఆగిపోయిన భారత, చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో కలకత్తా నుంచి గ్వాంగ్‌ఝౌకు మళ్ళీ మొదలయ్యాయి. మీరు రాజమహేంద్రవరంలో రైలెక్కితే హౌరా చేరతారు కాబట్టి మన ప్రాంతంవారికి ఇది అనుకూలమైన దారి. గ్వాంగ్‌ఝౌ దక్షిణ స్టేషన్ నుంచి గ్విజౌ రాజధాని గ్వియాంగ్‌కు వెళ్ళే వేగపు రైలు మార్గం 2014 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ మార్గం మీదనే సాన్‌జ్యాంగ్ దక్షిణం, త్సోంగ్‌జ్యాంగ్, రోంగ్‌జ్యాంగ్ స్టేషన్లున్నాయి, ఈ మూడూ డాంగ్ ప్రాంతానికి గుమ్మాలు. గ్వాంగ్‌ఝౌ నుంచి త్సోంగ్‌జ్యాంగ్‌కు మూడు నాలుగు గంటల ప్రయాణం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. త్సోంగ్‌జ్యాంగ్ స్టేషన్ ఆ పేరుగల పట్టణంలో లేదు, పట్టణానికి చాలా ఎడంగా, జావోషింగ్ అనే పెద్ద డాంగ్ పల్లెకు దగ్గరగా ఉంది. పట్టణంలో బస తీసుకుని పల్లె చూద్దామనుకునేవారు అనవసరంగా వెనక్కీ ముందుకూ తిరుగుతారు.

మనకు వీసా తప్పనిసరి. దరఖాస్తు కేంద్రాలు ఢిల్లీ, ముంబయి, కలకత్తా నగరాలలో ఉన్నాయి. టిబెట్‌కు కావలసినట్టుగా డాంగ్ ప్రాంతానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. అయితే విదేశీయులు ఎక్కడ బస చేసినా 24 గంటలలోగా ఆ వివరం పోలీసులకు చేరాలని అక్కడి చట్టం చెబుతోంది. హోటలు అయితే ఆ పని వారే చేస్తారు. ఎవరి ఇంట్లోనైనా పడుకుంటే మీరు గానీ ఆ ఇంటివారు గానీ మీ పాస్‌పోర్టు వివరాలను పోలీసుల వద్ద నమోదు చేయించాలి. ఈ మాట ఇంటివారికి మొదటి రోజే చెప్పండి. రైలు టిక్కెట్లు పాస్‌పోర్టు సంఖ్య మీదనే ఇస్తారు. గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయవు. అక్కడ చెల్లింపులకు వాడే అలీపే, వీచాట్ యాప్‌లను మన ప్రభుత్వం 2020లో నిషేధించింది కాబట్టి వాటిని ఇక్కడ వేయించుకోలేరు; అక్కడికి చేరాక వీలైతే వేయించుకుని మీ బ్యాంకు కార్డును జతచేసుకోండి, చిన్న నోట్లు మాత్రం తప్పక జేబులో ఉంచుకోండి. చైనా అక్షరాలను ఫోటో తీసి అనువదించే యాప్‌ను కూడా నెట్ లేకుండా పనిచేసేటట్టు సిద్ధం చేసుకోండి.

మొదటి మజిలీగా జావోషింగ్‌ను ఎంచుకోమంటాను. అది ఇప్పుడు ప్రవేశ రుసుమున్న పర్యాటక స్థలం, దీపాలూ దుకాణాలూ ఎక్కువే. అలా అని తీసిపారేయకండి. అక్కడ ఐదు వంశాలవారికి ఐదు డోలు గోపురాలున్నాయి, వాటికి కన్ఫ్యూషియస్ మతం చెప్పే ఐదు సద్గుణాల పేర్లు: దయ, ధర్మం, మర్యాద, జ్ఞానం, విశ్వాసం. డోలు గోపురమంటే దేవాలయం కాదు. చూరు మీద చూరుగా బేసి సంఖ్యలో అంతస్తులు పేర్చి, ఇనుప మేకు లేకుండా, కుసులూ బెజ్జాలూ కలిపి ఫర్ జాతి కలపతో నిలబెట్టిన కట్టడం అది. పైన డోలు, కింద నిప్పుగుండం, గుండం చుట్టూ బల్లలు. పూర్వం ఆపద వస్తే డోలు మోగించి ఊరినంతటినీ పిలిచేవారు, తగవులు అక్కడే తీర్చేవారు. మన ఊళ్ళలో రామాలయం అరుగు, రచ్చబండ చేసే పనులన్నీ అది చేస్తుంది. త్సోంగ్‌జ్యాంగ్ పరిధిలోని జెంగ్‌చోంగ్ పల్లెలో ఉన్న గోపురాన్ని 1672లో కట్టారు. సాయంకాలం ఆ బల్లల మీద పేకాట ఆడుకుంటున్న పెద్దలను చూసినప్పుడు మీకు పరాయి ఊరికి వచ్చిన భావన సగం తగ్గిపోతుంది.

జావోషింగ్‌లో రెండు రాత్రులు గడిపి, మూడవ ఉదయం మెట్ల పొలాల మధ్యనున్న కాలిబాట మీద కొండపైనున్న తాంగాన్‌కు నడవండి. ఎక్కడానికి రెండు గంటలు పట్టవచ్చు, నడవలేనివారికి రోడ్డు ఉంది. నార్వే సహకారంతో గ్విజౌలో ఏర్పాటుచేసిన నాలుగు సజీవ సంగ్రహాలయాలలో తాంగాన్ ఒకటి. అక్కడ అద్దాల పెట్టెలలో పెట్టి చూపించే వస్తువులు ముఖ్యం కావు, పల్లెనంతటినీ ఉన్నదున్నట్టుగా కాపాడుకోవాలన్నదే దాని ఉద్దేశం. మీరు వెతుకుతున్న వరిచేలు ఇక్కడే కనిపిస్తాయి.

ఆ సాగు గురించి కొంచెం విస్తరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే డెల్టా మనిషి అంత దూరం వెళ్ళడానికి నా దృష్టిలో అదే మంచి కారణం. ఊడ్పులు అయిన తరువాత చేలో చేప పిల్లలను వదులుతారు. అది మన చెరువుల్లో బంగారుతీగ అని పిలిచే చేపే. చేప కొంత ఎదిగి, బాతు నోటికి చిక్కని పరిమాణానికి వచ్చాక బాతులను దింపుతారు. చేపలూ బాతులూ కలుపునూ పురుగులనూ తింటాయి, నీటిని కలియబెడతాయి, వాటి రెట్ట ఎరువవుతుంది. కోతకు ముందు నీరు తీసి చేపలు పడతారు. ఒకే మడిలో అన్నమూ కూరా పండుతాయన్నమాట. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011లో త్సోంగ్‌జ్యాంగ్‌లోని ఈ విధానాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అదే 2011లో గిట్టుబాటు కాక మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మన భీమవరం, ఆకివీడు వైపు వరిచేను తవ్వి చేపల చెరువు చేస్తే ఇక ఆ నేలలో వరి ఉండదు, కోసిన చేలలోకి బాతుల మందలను తోలేవారు మాత్రం ఇప్పటికీ మనకు కనిపిస్తారు. కొండవాలులో, చిన్న మడులలో, ఇంటి తిండికోసం చేసే సాగును డెల్టాకు తెచ్చి అతికించలేమని నాకు తెలుసు. అయినా వరినీ చేపనూ బాతునూ విడదీయకుండా ఉంచిన రైతు గట్టు మీద ఒక పూట కూర్చోవడం మన ప్రాంతంవారికి ఎంతో విలువైన పాఠమని నమ్ముతున్నాను. మీ ఊరి ఊడ్పులు, కాలువ లాకులు, బాతుల మంద ఫోటోలు పది అచ్చు వేయించుకుని తీసుకువెళ్ళండి. భాష రాని చోట అంతకంటే మంచి పరిచయపత్రం ఉండదు.

రెండవ మజిలీని మీ అభిరుచిని బట్టి నిర్ణయించుకోవచ్చు. పాట మీద మక్కువ ఉంటే ష్యావోహ్వాంగ్ పల్లెకు వెళ్ళండి. అక్కడి బృందగానాన్ని, అంటే వాయిద్యమూ నిర్దేశకుడూ లేకుండా పలు గొంతులు వేరువేరు స్థాయిలలో కలిసి పాడే పాటను, 1986లో పారిస్‌లో వినిపించినప్పుడు సంగీతజ్ఞులు ఆశ్చర్యపోయారు. యునెస్కో 2009లో దానిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కీచురాళ్ళ మోతను అనుకరించే పాట ఒకటి తప్పక వినండి. కట్టడాల మీద ఆసక్తి ఉంటే సాన్‌జ్యాంగ్ దిగి చెంగ్యాంగ్‌కు వెళ్ళండి. 1912లో మొదలుపెట్టి కట్టిన యోంగ్‌జీ వంతెన అక్కడ ఉంది. రాతి స్తంభాల మీద ఐదు మండపాలతో, 64 మీటర్ల పొడవున, వానలోనూ ఎండలోనూ కూర్చోవడానికి వీలుగా పైకప్పుతో ఉండే వంతెన అది. లీపింగ్ పరిధిలోని దీపింగ్‌లో ఇటువంటి వంతెనే 2004 వరదలో కొట్టుకుపోయింది. ఊరివారు నది దిగువకు వెళ్ళి దుంగలను వెదికి తెచ్చుకుని, దానిని మళ్ళీ నిలబెట్టారు. 1986 ఆగస్టు గోదావరి వరదను చూసిన లంకవారికి ఆ దుంగల విలువ నేను వివరించనక్కరలేదు.

మీ ఆవిడ భోజనం విషయం నిజంగా కష్టమే. ఊరబెట్టిన పుల్లని చేప, పులుపు చారు, పశువు పొట్టలోని సగం జీర్ణమైన గడ్డి రసంతో చేసే కూర అక్కడ అతిథి మర్యాదలు. కూరగాయలను కూడా తరచు పంది కొవ్వులో వేయిస్తారు. కాబట్టి మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు ఏదీ తినమని చైనా భాషలో స్పష్టంగా రాయించిన కాగితాన్ని వంట మొదలుపెట్టే ముందే చూపించాలి. జిగురు బియ్యం అన్నం, టోఫు, ఆకుకూరలు దొరుకుతాయి. వేయించిన టీ ఆకును కాచి, పేలాలూ వేరుశనగ గుళ్ళూ వేసి ఇచ్చే నూనె టీ కూడా బాగుంటుంది, అందులో ఏమేమి వేశారో మాత్రం అడిగి తాగాలి. పాలు, వెన్న, తాజా పండ్లు, కూరగాయలు ఇక్కడి నుంచి తీసుకువెళ్ళకూడదు.

కాలం విషయానికి వస్తే జూన్, జూలై నెలలను వదిలేయండి. 2025 జూన్‌లో రోంగ్‌జ్యాంగ్ పట్టణం వారం తిరగకుండా రెండుసార్లు మునిగింది. మే చివర నాట్లు, సెప్టెంబరు చివర పండిన చేలు చూడవచ్చు. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు కాబట్టి తప్పుకోవాలి. మన కోనసీమవారు గల్ఫ్‌కు వెళ్ళినట్టు అక్కడి యువతీయువకులు గ్వాంగ్‌డోంగ్ కర్మాగారాలకు వెళతారు, చైనా కొత్త సంవత్సరానికి ఇళ్ళకు వస్తారు. పెళ్ళిళ్ళూ పాటలూ అప్పుడే ఎక్కువ, కానీ రైలులో చోటు దొరకడం మన సంక్రాంతి రద్దీ కంటే కష్టం.

ప్రశ్న: పల్లెల్లో ఏ తప్పు చేస్తే వారికి బాధ కలుగుతుంది? ముందుగా తెలుసుకుని వెళ్ళాలనుకుంటున్నాను. — ఒక పాఠకురాలు, మండపేట

సమాధానం: అన్నిటికంటే ముందు నిప్పు. ఇళ్ళన్నీ కలపవే, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. 2014 జనవరిలో బావోజింగ్ అనే డాంగ్ పల్లెలో ఒక్క రాత్రిలో వందకు పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఎన్నో పల్లెలలో రాత్రిపూట ఒక మనిషి వీధివీధికీ తిరిగి నిప్పు జాగ్రత్త అని కేక వేస్తాడు. వేసవిలో తాటాకు ఇళ్ళు తగలబడిన ఊళ్ళలో పెరిగిన మనకు ఆ కేక అర్థమవుతుంది. అగరువత్తి, దోమల చుట్ట, నీళ్ళు కాచే కాయిలు ఏదైనా సరే ఇంటివారిని అడగకుండా వెలిగించకండి. సా అని పిలిచే ఆది అమ్మమ్మ వారి గ్రామదేవత. ఆమె గుడి మూసి ఉంటే తెరవమని అడగవద్దు, తెరిచి ఉన్నా పిలిస్తేనే లోపలికి వెళ్ళండి. ఫోటోల విషయంలో మన అనుభవమే మనకు కొలత. 2023 గణతంత్ర దినోత్సవ శకటంగా ఢిల్లీలో కనిపించిన జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, మొక్కు తీర్చుకుంటున్న మన ముఖం ముందుకు ఎవరైనా అడగకుండా కెమెరా తెస్తే మనకెలా ఉంటుందో అక్కడివారికీ అలాగే ఉంటుంది. పిల్లల చేతికి డబ్బుగానీ మిఠాయిలుగానీ ఇవ్వకండి. వారికి నిజంగా ఏదైనా చేయాలనుకుంటే ఆ ఊరివారి బసలోనే ఉండండి, వారు వండినదానికి బేరమాడకుండా చెల్లించండి.

ప్రశ్న: మాది నరసాపురం, లేసు అల్లేవాళ్ళం. డాంగ్‌వారి మెరిసే నల్లని గుడ్డ కొనుక్కోవాలని ఉంది. ఎలా గుర్తించాలి?

సమాధానం: 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లేసు మీ చేతిలోది కాబట్టి పనితనం గుర్తుపట్టడం మీకు నేర్పనక్కరలేదు. ఆ గుడ్డను నీలిమందులో పలుమార్లు ముంచి ఆరబెట్టి, రాతి మీద పరిచి కొయ్య సుత్తులతో బాదుతారు, గుడ్డు తెల్లసొన పూసి మళ్ళీ బాదుతారు. మెరుపు రంగుది కాదు, దెబ్బలది. శరత్కాలంలో పల్లెలో నడుస్తుంటే ఆ సుత్తుల చప్పుడే ఆ గుడ్డ నేసినవారి గుమ్మానికి మిమ్మల్ని తీసుకుపోతుంది. దుకాణంలో కాక అక్కడే కొనండి. ముక్కను వేలితో రుద్దితే నీలి అంటుకోవాలి, అంటుకోకపోతే అది మిల్లు గుడ్డ కావచ్చు. ఇంటికి తెచ్చాక నీళ్ళలో వేయకండి, మెరుపు పోతుంది. పాత పంచె ముక్కలో విడిగా చుట్టి, మిగిలిన బట్టలకు తగలకుండా దాచుకోండి.