గుడిని కాపాడే చదువు ఉంటుందా?

ప్రశ్న: సార్, మాది ములుగు జిల్లా. ఎరువుల షాపు నడుపుతాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. 2024 డిసెంబరులో భూమి కదిలిన రోజు మేమందరం ఇంట్లోంచి బయటికి పరుగెత్తాం. కాస్త కుదుటపడగానే తను అడిగిన మొదటి మాట, ‘నాన్నా, రామప్ప గుడికి ఏమైనా అయిందా?’ అని. అప్పటినుంచి పాత కట్టడాలను వరదల నుంచి, భూకంపాల నుంచి కాపాడే పనే చేస్తానంటోంది. చుట్టాలంతా కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటున్నారు. అసలు అలాంటి చదువు ఉందా? ఉద్యోగం వస్తుందా? నాకు టెన్షన్‌గా ఉంది. పదో తరగతి చదివే మా అబ్బాయి సంగతి వేరే. పుస్తకం ముట్టడు, ఎప్పుడూ కొయ్య ముక్కలు చెక్కుతూ కూర్చుంటాడు.

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇల్లు ఊగినప్పుడు గుడి గుర్తొచ్చిన అమ్మాయి మాటను సరదా కింద తీసేయకండి. చదువు ఉంది, ఉద్యోగమూ ఉంది. అయితే నేరుగా ఆ పేరుతో ఉన్న డిగ్రీ కోసం వెతికితే దారి తప్పుతుంది. అదెందుకో చెప్పాలంటే ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి.

మీ మండలాలనే తీసుకుందాం. 2023 జులై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా, ఒక్క రోజులో, వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రామప్ప గుడి ఉన్న పాలంపేట కూడా అదే మండలం. పదిహేడు నెలలు తిరక్కుండా 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. గోదావరి లోయకు ఇది కొత్త కాదు, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి, అలాంటి వానకూ ఇలాంటి భూకంపానికీ మధ్య నిలబడి ఉంది.

రామప్ప కింద గట్టి రాతి పునాది లేదు, గుంత తీసి ఇసుక నింపి దానిమీద కట్టారు. శాండ్‌బాక్స్ అని ఇప్పుడు ఇంజినీర్లు అనే పద్ధతి అది. నేల కదిలినప్పుడు ఆ ఇసుక కుదుపును కొంత తనలో కలిపేసుకుంటుంది. పైన శిఖరం బరువు తగ్గించడానికి నీళ్ళ మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద మెత్తన, పైన తేలిక. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మేస్త్రీల ఆలోచన అది. కానీ అదే ఇసుకకు నీళ్ళంటే పడదు. గుడి చుట్టూ వాన నీరు సక్రమంగా బయటికి పోకుండా కిందికి దిగి ఇసుకను కదిలిస్తే పునాది ఒక పక్కకు కుంగుతుంది. అంటే రామప్పను భూకంపం నుంచి కాపాడే పనిలో సగం వానాకాలానికి ముందు కాలువలు శుభ్రం చేయించడమే. మీ అమ్మాయికి ఈ మాట చెప్పి చూడండి. నిరాశపడితే ఈ రంగం తనకు కాదు. కళ్ళు మెరిస్తే మాత్రం ఆపకండి.

ఈ పనిలో ఎక్కువ భాగం ప్రమాదం రాకముందే జరుగుతుంది. కొలవడం, ఫొటోలు తీయడం, పగులు ఎంత ఉందో గుర్తు పెట్టి ఆరు నెలల తర్వాత మళ్ళీ చూడడం, ఏ విగ్రహం ఎక్కడుందో రాసి పెట్టడం. శ్రీకాళహస్తి రాజగోపురం మీకు గుర్తుండే ఉంటుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26న కూలిపోయింది. పగుళ్ళు ముందే కనిపించాయి, జనాన్ని పక్కకు తప్పించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. గోపురం మాత్రం దక్కలేదు. అదే చోట కొత్త గోపురం కట్టారు, ఇప్పుడు అందంగానే ఉంది. అయినా రాయలు కట్టించిన గోపురం ఇక లేదు. పాత కట్టడాలు కూలేముందు చాలాసార్లు ఏదో ఒక రకంగా చెబుతాయి. ఆ మాట వినగలిగినవాళ్ళు మన దగ్గర తక్కువగా ఉన్నారు.

మనుషుల వల్ల వచ్చే నష్టం సంగతి ఇంకా బాధగా ఉంటుంది. గుప్తనిధుల కోసం గర్భగుడిలో తవ్వే దొంగల గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. భక్తితో చేసే నష్టం పేపర్లోకి రాదు. మా ఊళ్ళో పాత శివాలయం ఉండేది. నా చిన్నప్పుడు దాని గోడ మీద శాసనం ఉండేది, వేళ్ళతో అక్షరాలు తడుముతూ ఆడుకునేవాళ్ళం. పెద్దలంతా చందాలు వేసుకుని జీర్ణోద్ధరణ చేశారు. ఆ గోడకు సిమెంటు పూసి, పైన ఆయిల్ పెయింట్ వేశారు. ఎవరి మీదా కోపం లేదు, అందరూ మంచి మనసుతోనే చేశారు. వద్దని చెప్పగలిగే మనిషి ఒక్కరు కూడా ఆ రోజు అక్కడ లేరు, అంతే. ఆ శాసనంలో ఏముందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయే పొరలు పొరలుగా రాలిపోతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత పాత కట్టడాలను కాపాడే ఒక కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ చెప్పారు.

ఇక చదువు. ఈ రంగంలో నిలబడాలంటే ముందు చేతిలో ఒక గట్టి విద్య ఉండాలి. అది ఆర్కిటెక్చర్ కావచ్చు, సివిల్ ఇంజినీరింగ్ కావచ్చు, కెమిస్ట్రీ కావచ్చు. హెరిటేజ్ అనేది దానిమీద వేసే రెండో అంతస్తు. కింది అంతస్తు లేకుండా పైది కట్టబోయి ఇబ్బంది పడ్డ పిల్లల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ అమ్మాయి ఎంపీసీ కాబట్టి నా మొదటి ఓటు ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌కే. ఐదేళ్ళ కోర్సు. బొమ్మలు గీయడం, ఊహలోనే కట్టడాన్ని అటూఇటూ తిప్పి చూడడం తనకు ఇష్టమైతే ఇదే సరైన దారి. రెండు పరీక్షలు రాయాలి. ఒకటి నాటా, రాష్ట్రంలోని ఆర్కిటెక్చర్ కాలేజీల కోసం. రెండోది జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ పేపర్. విజయవాడ, ఢిల్లీ, భోపాల్‌లలో ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో సీటు దీంతోనే వస్తుంది. ఈ పేపర్‌కు అప్లికేషన్‌లో విడిగా టిక్ పెట్టాలి. చాలామంది ఇంజినీరింగ్ పేపర్ ఒక్కటే పెట్టి తర్వాత బాధపడతారు, అది జాగ్రత్త. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. బీఆర్క్ తర్వాత ఢిల్లీలోనో భోపాల్‌లోనో కన్జర్వేషన్‌లో ఎంఆర్క్ చేస్తే తను కోరుకున్న పనిలోకి నేరుగా వెళ్తుంది. అప్పటికీ మనసు మారితే చేతిలో ఆర్కిటెక్ట్ లైసెన్సు ఉంటుంది, ఇళ్ళు గీసి బతకొచ్చు. తండ్రిగా మీకు ఈ ధైర్యం అవసరమని నాకు తెలుసు.

బొమ్మలు గీయడం మీద ఆసక్తి లేదు, లెక్కలంటేనే ప్రాణం అంటే ఈఏపీసెట్ రాసి సివిల్‌లో చేరడం మంచిది. సివిల్ అంటే ఈ రోజుల్లో తల్లిదండ్రులు మొహం చిట్లిస్తున్నారు. కానీ ఒక గోపురం ఎంత ఊపు తట్టుకుంటుందో లెక్కకట్టేది స్ట్రక్చరల్ ఇంజినీరే. ఐఐటీ మద్రాస్‌లో పాత కట్టడాల భద్రత కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది. సివిల్ తర్వాత గేట్ రాసి స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేసి అటు వెళ్ళొచ్చు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రాయికి, సున్నానికి కొత్త కాంక్రీటు లెక్కలు పనికిరావు, వాటికి వేరే లెక్క కావాలి. అది తెలిసిన ఇంజినీర్లు దేశంలో తక్కువ. కంప్యూటర్ సైన్స్‌లో పక్కవాడితో పోటీపడాలి, ఇక్కడ మనిషి కోసం పని ఎదురుచూస్తోంది.

కెమిస్ట్రీ దారి కూడా ఉంది. రాయి, లోహం, తాళపత్రం, వర్ణచిత్రం ఎందుకు పాడవుతాయో చూసే పని. డిగ్రీ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్‌లో ఎంఏ చేయొచ్చు, లక్నోలో దీనికోసమే జాతీయ పరిశోధనశాల ఉంది. తవ్వకాలు, శాసనాల వైపు మనసుంటే ఏదైనా డిగ్రీ తర్వాత ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం ఎంఏ, ఆ తర్వాత గ్రేటర్ నోయిడాలోని పురావస్తు సంస్థలో రెండేళ్ళ పీజీ డిప్లొమా.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. శాశ్వత ప్రభుత్వ పోస్టులు తక్కువ. ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పై స్థాయి పోస్టులు యూపీఎస్సీ ద్వారా, కింది స్థాయి సాంకేతిక పోస్టులు కొన్ని స్టాఫ్ సెలక్షన్ ద్వారా వస్తాయి. ఏటా రావు. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖల నోటిఫికేషన్లు ఇంకా అరుదు. ఎక్కువమంది మొదటి నాలుగైదేళ్ళు ప్రాజెక్టుల మీద పనిచేస్తారు, అంటే కాంట్రాక్టు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ లాంటి సంస్థలు, ప్రైవేటు కన్జర్వేషన్ ఆఫీసులు, ట్రస్టులు ఇస్తాయి ఆ పని. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్టు 2013 నుంచి చేసిన పని చూడండి. 2013 వానలకు కూలిన అక్కడి మెట్ల బావి బడీ బావిని మళ్ళీ పాత పద్ధతిలోనే నిలబెట్టారు. ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు, సున్నం మేస్త్రీలు, రాతి పనివాళ్ళు అందరూ ఏళ్ళ తరబడి అక్కడ పనిచేశారు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే తక్కువే. ఎండలో, దుమ్ములో, ఒక్కోసారి ఊళ్ళకు దూరంగా ఉండాలి. ఆడపిల్లను సైట్ మీదికి పంపాలా అని మీరు ఉత్తరంలో రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. ఈ రంగంలో మంచి పేరున్న ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆ భయం పెట్టుకోకండి.

కొత్తగా ఒక అవసరం పెరుగుతోంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో మ్యూజియాలకు, వారసత్వ స్థలాలకు విడివిడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి చోటా విపత్తు ప్రణాళిక ఉండాలని వాటి సారాంశం. అగ్ని పుడితే ముందు ఏ వస్తువును బయటికి తేవాలి, ఎవరు తేవాలి, ఎక్కడ పెట్టాలి అనే జాబితా. పారిస్‌లో నోత్రదామ్ 2019 ఏప్రిల్ 15న తగలబడినప్పుడు అగ్నిమాపక సిబ్బంది, వాళ్ళతో పాటు నిలబడ్డవాళ్ళు చేతులు మార్చుకుంటూ విలువైన వస్తువులు బయటికి తెచ్చారు. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక ప్రొఫెసర్ లేజర్‌తో ఆ చర్చిని అంగుళం అంగుళం కొలిచి పెట్టారు. మళ్ళీ కట్టేటప్పుడు ఆ కొలతలు అక్కరకొచ్చాయి. మన దగ్గర ఎన్ని గుళ్ళకు అలాంటి కొలతలున్నాయి? ఆ పనికి మనుషులు కావాలి. పై చదువుల తర్వాత రోమ్‌లో ఉన్న, వారసత్వ సంరక్షణ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్, జపాన్‌లోని రిత్సుమేకాన్ యూనివర్సిటీ ఇదే అంశం మీద శిక్షణ ఇస్తాయి. అది ఇప్పటి మాట కాదు, పేర్లు రాసి పెట్టుకోమనండి.

మనవాళ్ళకు ఈ పని చేతకాదని ఎవరైనా అంటే నాగార్జునకొండ సంగతి చెప్పండి. సాగర్ నీళ్ళ కింద ఇక్ష్వాకుల రాజధాని మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను ఎత్తైన కొండ మీదికి తెచ్చి మళ్ళీ కట్టారు, మరికొన్నింటికి నమూనాలు చేశారు. శ్రీశైలం ప్రాజెక్టు అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. ఒక్కో రాయికి నంబరు వేసి, కాగితం మీద గీసుకుని, ఏ రాయి పక్కన ఏది ఉండాలో తప్పకుండా పేర్చారు. ఆ పని ఎంత ఓపికతో కూడినదో మీకు తెలియంది కాదు. మీ దగ్గరే రామప్ప పక్కన కామేశ్వరాలయం రాళ్ళు విప్పి ఏళ్ళ తరబడి ఉండడం మీరు చూసే ఉంటారు. విప్పడం సులువు, మళ్ళీ పేర్చేవాళ్ళు దొరకడమే కష్టం.

మీ అబ్బాయి గురించి మీరు సలహా అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ ఒక్క వాక్యం నన్ను వదల్లేదు. తిరుపతిలో టీటీడీ వారి సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. పదో తరగతి తర్వాత నాలుగేళ్ళ డిప్లొమా, రాతి శిల్పం, కొయ్య శిల్పం, ఆలయ నిర్మాణం నేర్పుతారు. వాణ్ణి ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి చూపించండి. పాత గుడిలో స్తంభం విరిగితే ఇంజినీరు లెక్క చెప్పగలడు, కొత్త రాయి చెక్కలేడు. అక్క లెక్క కడితే తమ్ముడు చెక్కే రోజు రావచ్చు. పుస్తకం ముట్టడని వాణ్ణి తిట్టకండి.

ఇప్పటికి మీ అమ్మాయి చేయాల్సింది ముందు పరీక్షలు బాగా రాయడం. అవి అయ్యాక ఒక నోట్‌బుక్ కొనివ్వండి. రామప్ప రక్షిత కట్టడం, అక్కడ టేపు పెట్టి కొలవాలంటే అనుమతి కావాలి, కాబట్టి మీ ఊళ్ళో ఏ శాఖ చేతిలోనూ లేని పాత గుడో, మెట్ల బావో, గడియో ఎంచుకోమనండి. దాన్ని కొలిచి బొమ్మ గీయాలి. ప్రతి నెలా ఒకే చోట నిలబడి ఒకే ఫొటో తీయాలి. ఏ పగులు ఎక్కడుందో తేదీతో రాయాలి. పక్కన రావి మొక్క మొలిచిందా, ఎవరైనా సిమెంటు పూశారా, అదీ రాయాలి. విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకు ఇచ్చే ఆపద మిత్ర శిక్షణ మీ జిల్లాలో పెడితే అందులోనూ చేరమనండి.

వచ్చే వానాకాలం మొదటి పెద్ద వానకు షాపు ఒక గంట మూసి మీరూ తనతో ఆ గుడి దగ్గరికి వెళ్ళండి. గొడుగు పట్టుకుని నిలబడి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడండి. తను గీసిన ఆ మొదటి బొమ్మ నాకు పంపండి. నాటా అప్లికేషన్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.