సమాధుల తోటలో చెరిగిన రాతలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఊరి పాత చర్చి వెనక దొరల కాలం నాటి చలువరాతి సమాధి పలకలున్నాయి. రాతలు చెరిగిపోయాయి. యాసిడ్‌తో కడిగి సుద్దముక్క రుద్దితే చదవొచ్చంటున్నారు. నిజమేనా? (నెల్లూరు)

జవాబు: రెండూ వద్దు. చలువరాయి, కడప రాయి సున్నపు జాతివి. యాసిడ్ పడితే బుసబుసా పొంగి పైపొర కరుగుతుంది, మిగిలిన అక్షరాల అంచులూ దాంతోనే పోతాయి. సుద్దయితే గీతలకూ గీరుళ్లకూ తేడా లేకుండా చేస్తుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. నాచును తడిపి కాసేపు నాననిచ్చి చెక్కపుల్లతో తీయండి. నిలువు పలకనైతే కింది నుంచి పైకి కడగాలి, లేకపోతే మురికి చారలు కడతాయి.

చదవడానికి వెలుగు పక్క నుంచి పడాలి. పొద్దుటి ఏటవాలు ఎండ బాగుంటుంది. నీడలో ఉన్న రాయికి అద్దంతో ఎండ మళ్లించండి, లేదా చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించి పట్టి ఒక్కో వైపు నుంచి ఫొటో తీయండి. కొన్ని పలకల్లో అక్షరాలను సీసంతో నింపేవారు. సీసం ఊడినా, దాన్ని పట్టి ఉంచిన సన్నటి బెజ్జాలు మిగులుతాయి. ఆ చుక్కలను కాగితం మీదికి దించి కలిపితే అక్షరం తేలుతుంది.

రాతిమీద వరస ఎలా ఉంటే అలాగే రాసుకోండి. తెలియని అక్షరం దగ్గర చుక్క పెట్టండి, ఊహించి పూరించొద్దు. 3ని 8గా, 1ని 7గా పొరబడటం మామూలే. భూస్థాపన రిజిస్టరులో తేదీ ఒక రోజు తేడాగా ఉంటే కంగారు పడకండి: రాతిమీద ఉండేది చనిపోయిన రోజు, రిజిస్టరులో ఉండేది పూడ్చిన రోజు.

 

ప్రశ్న: మా ముత్తాత 1890ల్లో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నారట. ఆ రిజిస్టరులో పుట్టిన తేదీ దొరుకుతుందా? ప్రకాశం జిల్లా పేరుతో వెతికితే ఏమీ రాలేదు. (ఒంగోలు)

జవాబు: రాదు మరి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ఇప్పటి జిల్లా పుట్టింది 1970లో. నెల్లూరు పేరుతో వెతకండి.

పుట్టిన తేదీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండు అధికార చర్చిలో, పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఆ తేదీని బట్టి పుట్టుక లెక్కేయొచ్చు. బాప్టిస్టులు ఊహ తెలిశాక విశ్వాసం ఒప్పుకున్నవారికే ఇస్తారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మందీ అలాంటివారే. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్లు ఎక్కువగా యూరోపియన్లవి, యురేషియన్లవి (యూరోపియన్, భారతీయ మిశ్రమ సంతతివారివి). మీ పని ఒంగోలులోనే. వెళ్లేటప్పుడు ఇంటిపేరు, పల్లె పేరు రాసుకెళ్లండి. వట్టి పేతురు, యోహాను అంటే ఒక్క పేజీలోనే నలుగురైదుగురు తగలొచ్చు.